తదమి లైనులో రైలు ప్రయాణం: రోజుకు మూడు బండ్లున్న పల్లె రైల్వేను ఎలా చూడాలి

జపాన్‌కు వెళ్ళే మనవాళ్ళలో చాలామంది షింకన్సెన్ అనే బుల్లెట్ రైలు ఎక్కుతారు, టోక్యోలో లోకల్ రైళ్ళలో తిరుగుతారు, అంతటితో ఆ దేశపు రైల్వేను చూసేశామనుకుంటారు. ఒకటి రెండు పెట్టెల డీజిల్ బండిలో కూర్చుని కొండల నడుమ, ఒక నది వెంబడి, నాలుగున్నర గంటలకు పైగా సాగే ప్రయాణం కూడా అక్కడ ఉంది. అది జేఆర్ ఈస్ట్ సంస్థ నడిపే తదమి లైను. ఫుకుషిమా ప్రిఫెక్చర్‌లోని ఐజు వకమత్సు నుంచి నీగాతా ప్రిఫెక్చర్‌లోని కొయిదే దాకా 135.2 కిలోమీటర్ల పొడవున్న సింగిల్ లైను ఇది; ప్రిఫెక్చర్ అంటే మన రాష్ట్రం లాంటి పాలనా ప్రాంతం. పైన కరెంటు తీగలు లేవు, కింద 1067 మిల్లీమీటర్ల సన్న గేజి పట్టాలు, దారి పొడవునా 36 స్టేషన్లు.

ఈ ప్రయాణానికి ఎలా సిద్ధపడాలో వరుసగా చెబుతాను. అన్నిటికన్నా ముందు గుర్తుంచుకోవలసింది ఒక్కటే: ఈ లైనులో ఈ చివర నుంచి ఆ చివరకు పోయే బండ్లు ఒక్కో వైపు రోజుకు మూడే. అందువల్ల హోటలు, షింకన్సెన్ టికెట్టు, చూడదలచుకున్న చోట్లు అన్నీ ఆ మూడు బండ్లను బట్టి అమర్చుకోవాలి. అవన్నీ ఖాయం చేసుకున్నాక బండి కోసం వెతికితే చీకట్లో ప్రయాణించవలసి వస్తుంది, లేదా చిన్న స్టేషనులో గంటల తరబడి కూర్చోవలసి వస్తుంది.

ముందు లైను చరిత్ర కొంత తెలుసుకోండి

ఈ భాగాన్ని దాటవేయవద్దని నా మనవి. కిటికీలోంచి కనిపించే వంతెనలు, ఆనకట్టలు, సొరంగాలు ఎందుకు ఉన్నాయో తెలిస్తేనే ఈ దారి విలువ అర్థమవుతుంది.

మొదటి ముక్క 1926 అక్టోబరులో ఐజు వకమత్సు నుంచి ఐజు బంగే వరకు పడింది. అది 1928లో ఐజు యనాయిజు దాకా, 1941లో ఐజు మియషిత దాకా పెరిగింది. అవతలి చివర కొయిదే నుంచి ఒషిరకవ దాకా 1942లో బండి నడిచింది. ఆ తరువాత ఈ లైనును ముందుకు లాగింది జలవిద్యుత్తు. యుద్ధానంతరం జపాన్‌కు కరెంటు కావలసి వచ్చినప్పుడు తదమి నది మీద వరుసగా ఆనకట్టలు లేచాయి. 1956లో పట్టాలు ఐజు కవగుచి చేరాయి. అక్కడి నుంచి తదమి దాకా 1957లో వేసిన ముక్క మొదట ప్రయాణికుల కోసం కాదు. తగోకురా ఆనకట్ట కట్టడానికి సామాను మోయడం కోసం విద్యుత్ సంస్థ వేసుకున్న లైను అది. 1963లో దానిని ప్రయాణికుల రైళ్ళకు మార్చారు. తదమికీ ఒషిరకవకీ మధ్య ఉన్న కొండను 6,359 మీటర్ల రొకుజూరిగోయె సొరంగంతో తొలిచి, 1971 ఆగస్టు 29న మొత్తం లైనును కలిపారు. మన కొత్తవలస–కిరండూల్ లైను ఎక్కి అరకు వెళ్ళినవారికి ఈ తరహా చరిత్ర కొత్త కాదు. బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవు మీదుగా జపాన్‌కే పంపడం కోసం 1960లలో వేసిన ఆ లైను కూడా ఇలాగే, వేరే పని మీద పుట్టి, కొండ అందాలను జనానికి దగ్గర చేసింది.

1980లలో జపాన్ జాతీయ రైల్వేను పునర్వ్యవస్థీకరించినప్పుడు, ప్రయాణికులు తక్కువగా ఉన్న లైన్లను చాలావాటిని మూసివేశారు. తదమి లైను బతకడానికి కారణం మంచు. దీనికి సమాంతరంగా పోయే 252వ నంబరు జాతీయ రహదారి కనుమ దగ్గర శీతాకాలమంతా మంచుతో మూసుకుపోతుంది కాబట్టి, బదులుగా బస్సు నడుపుతామని చెప్పే వీలు లేకపోయింది.

అంతకన్నా పెద్ద గండం 2011 జూలై చివరలో వచ్చింది. నీగాతా, ఫుకుషిమాలలో కురిసిన కుంభవృష్టికి తదమి నది పొంగి, దాని మీద ఈ లైనుకున్న వంతెనలలో ఐదు, ఆరు, ఏడు నంబర్లవాటిని దెబ్బతీసింది. ఐజు కవగుచి నుంచి తదమి వరకు 27.6 కిలోమీటర్ల మేర రైళ్ళు ఆగిపోయి, బదులుగా బస్సులు నడిచాయి. వరదకు ముందు సంవత్సరం ఆ ముక్కలో కిలోమీటరుకు సగటున రోజుకు 49 మంది ప్రయాణించారు. ఆ లెక్క చూస్తే ఏ రైల్వే సంస్థ అయినా మూసేద్దామనే అంటుంది. అయినా ఫుకుషిమా ప్రిఫెక్చర్, దారిలోని పట్టణాలు పట్టు వదలలేదు. 2017లో ఒప్పందం కుదిరింది. దాని ప్రకారం మరమ్మతు ఖర్చులో మూడింట రెండు వంతులు స్థానిక ప్రభుత్వాలు, మిగిలినది జేఆర్ ఈస్ట్ భరించాలి. ఆ ముక్కలోని పట్టాలు, వంతెనలు ప్రిఫెక్చర్ ఆస్తి అయ్యాయి, బండ్లు నడిపే పని మాత్రం జేఆర్ ఈస్ట్‌ది. పదకొండేళ్ళ తరువాత, 2022 అక్టోబరు 1న, మళ్ళీ ఈ చివర నుంచి ఆ చివరకు రైలు నడిచింది. కాబట్టి ఇక్కడ మీరు ఎక్కేది అక్కడి ప్రజలు తమ పన్నుల డబ్బుతో నిలబెట్టుకున్న బండి అని గుర్తుంచుకోండి. దారిలో ఒక పూట బస చేయండి, ఒక పూట భోజనం చేయండి అని నేను ఈ వ్యాసంలో పదే పదే చెప్పడానికి కారణం ఇదే.

ఏ కాలంలో వెళ్ళాలి

అక్టోబరు చివరి నుంచి నవంబరు మొదటి సగం వరకు ఆకులు ఎరుపు, పసుపు రంగులకు తిరుగుతాయి. అందరూ చెప్పే కాలం అదే, జనం ఎక్కువగా వచ్చే కాలం కూడా అదే. ఆ రోజుల్లో శని, ఆదివారాలను తప్పించుకోగలిగితే తప్పించుకోండి, ఎందుకంటే రెండు పెట్టెల బండిలో నిలబడి నాలుగు గంటలు పోవడం ప్రయాణం అనిపించుకోదు. జనవరి, ఫిబ్రవరి నెలల్లో మంచు దృశ్యం గొప్పగా ఉంటుంది, కాని బండ్లు రద్దయ్యే ప్రమాదం కూడా అప్పుడే ఎక్కువ. దాని సంగతి తరువాత చెబుతాను. వేసవిలో, ముఖ్యంగా జూన్ నుంచి ఆగస్టు వరకు, తెల్లవారుజామున, సాయంత్రం నది మీద పొగమంచు పరుచుకుంటుంది. ఆనకట్టల కింది నుంచి వచ్చే చల్లని నీటికి వేడిగాలి తగలడం వల్ల ఇది ఏర్పడుతుంది.

మొదటిసారి వెళ్ళేవారికి నా సలహా మే నెల చివరి వారాలు. కొండల మీద కొత్త చిగురు, ఎత్తైన శిఖరాల మీద ఇంకా కరగని మంచు, నది నిండుగా నీళ్ళు ఒకేసారి కనిపిస్తాయి. పగటి వెలుగు కూడా ఎక్కువ. నవంబరులో సాయంత్రం నాలుగున్నర దాటేసరికి పొద్దు వాలిపోతుంది కాబట్టి, మధ్యాహ్నం బండి ఎక్కినవారికి తదమి దాటాక కిటికీలో తమ ముఖమే కనిపిస్తుంది.

టైంటేబుల్ ముందు పెట్టుకుని రోజును అమర్చుకోండి

ఐజు వకమత్సు నుంచి కొయిదే దాకా పోయే బండ్లు ఉదయం ఆరు దాటాక ఒకటి, మధ్యాహ్నం ఒంటిగంట ప్రాంతంలో ఒకటి, సాయంత్రం ఐదు ప్రాంతంలో ఒకటి బయలుదేరుతాయి. కొయిదే నుంచి వచ్చేవి తెల్లవారుజామున ఐదున్నర ప్రాంతంలో, మధ్యాహ్నం ఒంటిగంట దాటాక, సాయంత్రం నాలుగు దాటాక బయలుదేరుతాయి. ఐజు కవగుచి వరకే వచ్చి తిరిగి వెళ్ళే బండ్లు ఇవి గాక మరికొన్ని ఉన్నాయి. జపాన్‌లో ఏటా మార్చిలో టైంటేబుల్ మారుస్తారు కాబట్టి, మీరు వెళ్ళే తేదీకి జేఆర్ ఈస్ట్ వెబ్‌సైటులో నిమిషాలతో సహా సరిచూసుకుని, ఆ పేజీని ఫోనులో ఫొటోగా దాచుకోండి. కొండల్లో సిగ్నల్ ఉంటుందనే నమ్మకంతో బయలుదేరకండి.

ఇప్పుడు అసలు నిర్ణయం. సాయంత్రం ఐదు గంటల బండిని పక్కన పెట్టండి. నడి వేసవిలో తప్ప అది చీకటి ప్రయాణమే. మిగిలినవి ఉదయం బండి, మధ్యాహ్నం బండి. టోక్యోలో పొద్దున్నే బయలుదేరి మధ్యాహ్నం బండి అందుకోవచ్చు, రాత్రికి తిరిగి టోక్యో చేరవచ్చు కూడా. అలా ఒక్క రోజులో ముగించేవారు చాలామందే ఉన్నారు. కాని వంతెన మీదుగా పోయేటప్పుడు వంతెన కనిపించదన్నది వారు మరిచిపోతారు. ఈ లైనులో మీరు పోస్టర్ల మీద చూసే దృశ్యం, అంటే ఆకుపచ్చని నీటి మీద ఉక్కు కమాను, దాని మీద చిన్న బండి, బయట నిలబడితేనే కనిపిస్తుంది. కాబట్టి ముందు రోజు సాయంత్రానికే ఐజు వకమత్సు చేరి అక్కడ రాత్రి ఉండండి. మరునాడు ఉదయం ఆరు గంటల బండి ఎక్కి, దారిలో ఒక్క చోట దిగండి. అక్కడ కొన్ని గంటలు గడిపి, అదే స్టేషనులో మధ్యాహ్నం బండి అందుకుని కొయిదే దాకా వెళ్ళండి. దిగే చోటు ఒక్కటే ఉండాలని నొక్కి చెబుతున్నాను. రెండు చోట్ల దిగుదామని చూస్తే లెక్క కుదరదు.

ఆ ఒక్క చోటు ఐజు మియషిత అయితే మంచిదని నా అభిప్రాయం. గుడి చూడాలనుకునేవారు ఐజు యనాయిజును ఎంచుకోవచ్చు. రెండు రాత్రులు వెచ్చించగలిగితే ఈ రెండు ఊళ్ళలో ఒకచోటనో, కవగుచి ఉన్న కనెయామా పట్టణంలోనో వేడినీటి బుగ్గల సత్రంలో బస చేయండి. చిన్న సత్రాలలో భోజనం గదితో పాటే ముందుగా మాట్లాడుకోవాలి. శాకాహారులైతే ఆ సంగతి బుక్ చేసేటప్పుడే స్పష్టంగా రాయండి, వెళ్ళాక చెబితే వారు ఏమీ చేయలేరు.

టికెట్టు, పాసు

ఈ లైనులో సుయికా వంటి, యంత్రానికి తాకించి ఛార్జీ కట్టే కార్డులను నమ్ముకోవద్దు. టోక్యోలో కార్డు తాకించి లోపలికి వచ్చి, కార్డు యంత్రం లేని పల్లె స్టేషనులో దిగితే, ఆ లెక్క అక్కడ తేలదు. కార్డు లాకయిపోయి, తరువాత దానిని సరిచేయించుకోవలసి వస్తుంది. ఐజు వకమత్సులో కౌంటరు దగ్గర గాని యంత్రం దగ్గర గాని కాగితం టికెట్టు కొనుక్కోండి. మధ్యలో దిగేటట్లయితే దిగే ఊరి దాకా ఒకటి, అక్కడి నుంచి కొయిదేకు మరొకటి అనుకుంటే చిక్కు ఉండదు.

భారత పాస్‌పోర్టుపై పర్యాటక వీసాతో వెళ్ళేవారికి జపాన్ రైల్ పాస్ ఈ లైనులో చెల్లుతుంది. అయితే 2023 అక్టోబరులో ధర పెంచాక ఏడు రోజుల సాధారణ పాసు 50,000 యెన్లు అయింది. ఈ ఒక్క ప్రయాణం కోసం దానిని కొనడం దండగ. క్యోటో, హిరోషిమా కూడా అదే వారంలో ఉంటేనే లెక్క చూసుకోండి. టోక్యోకు ఉత్తరాన మాత్రమే తిరిగేవారు జేఆర్ ఈస్ట్ వారి ప్రాంతీయ పాసులను పరిశీలించడం మేలు. జపాన్‌లో చదువుకుంటున్న, ఉద్యోగం చేస్తున్న తెలుగువారికి జపాన్ రైల్ పాస్ దొరకదు గాని, సెలవుల కాలంలో అమ్మే సెయిషున్ 18 అనే లోకల్ రైళ్ళ టికెట్టు ఎవరైనా కొనవచ్చు. 2024 శీతాకాలం నుంచి అది వరుసగా మూడు రోజులకు గాని ఐదు రోజులకు గాని, ఒక్క మనిషికే చెల్లుతుంది. షింకన్సెన్ ఎక్కనివ్వరు. తదమి లైను మీద నింపాదిగా తిరగడానికి అంతకన్నా తగిన టికెట్టు లేదు.

ఐజు వకమత్సు చేరడం

టోక్యో నుంచి తొహోకు షింకన్సెన్‌లో కోరియామా దాకా సుమారు గంటా ఇరవై నిమిషాలు. అక్కడ బాన్‌ఎత్సు పశ్చిమ లైను బండి ఎక్కితే గంటా పది నిమిషాల ప్రాంతంలో ఐజు వకమత్సు. మారడానికి కోరియామాలో పదిహేను నిమిషాలైనా ఉండేలా చూసుకోండి. పెద్ద పెట్టెలను వెంట తీసుకువెళ్ళవద్దు. తదమి లైను బండిలో వాటిని పెట్టడానికి చోటు ఉండదు, చిన్న స్టేషన్లలో లాకర్లు ఉండకపోవచ్చు. హోటలు కౌంటరులో టక్యూబిన్ అని అడిగితే చాలు, మీ పెట్టెను తరువాతి ఊరి హోటలుకు కొరియరులో పంపిస్తారు. సాధారణంగా మరునాటికి చేరుతుంది.

రాత్రికి మరునాటి తిండి కొని పెట్టుకోండి. బండిలో ఏమీ అమ్మరు, ఉదయం ఆరింటికి దుకాణాలలో తెరిచి ఉండేవి కన్వీనియన్స్ స్టోర్లు మాత్రమే. పులుపు ఉమెబోషి పండు పెట్టిన అన్నపు ముద్దలు శాకాహారులకు ఉపయోగపడతాయి. దారిలో దొరికే సోబా నూడుల్సు చూడడానికి శాకాహారంలా ఉన్నా, రసం చాలావరకు ఎండుచేపతో కాచినదే.

బండి ఎక్కడం, దిగడం, డబ్బు కట్టడం

బయలుదేరే సమయానికి అరగంట ముందే ప్లాట్‌ఫారం మీద ఉండండి. సాధారణ బండ్లలో రిజర్వేషన్ లేదు, ముందు వచ్చినవారిదే సీటు. 2020 మార్చి దాకా ఇక్కడ పాత కిహా 40 రకం డీజిల్ పెట్టెలు తిరిగేవి. ఇప్పుడు కిహా ఈ120, కిహా 110 రకాలు నడుస్తున్నాయి. పెట్టెలో ఎదురెదురు సీట్లు, గోడవారగా పొడవు సీట్లు రెండూ ఉంటాయి, మరుగుదొడ్డి ఉంటుంది. ఏ పక్క కూర్చోవాలని చాలామంది అడుగుతారు. తదమి నది మీద ఈ లైనుకు ఒకటి నుంచి ఎనిమిది దాకా నంబర్లు వేసిన వంతెనలున్నాయి. దాదాపు ప్రతి వంతెన దగ్గరా నది ఈ కిటికీ నుంచి ఆ కిటికీకి మారుతుంది. అందుచేత పక్కను గురించి బెంగపడక, కిటికీ సీటు దొరకడం మీద దృష్టి పెట్టండి.

తలుపులు వాటంతట అవి తెరుచుకోవు. తలుపు పక్కన బొత్తాం ఉంటుంది, దీపం వెలిగాక దానిని నొక్కాలి. చలికాలంలో లోపలికి వచ్చాక మూసే బొత్తాం కూడా నొక్కడం మర్యాద.

గార్డు లేకుండా డ్రైవరు ఒక్కరే నడిపే బండి అయితే పద్ధతి వేరుగా ఉంటుంది, దానిని కొంచెం వివరంగా చెప్పాలి. సిబ్బంది లేని స్టేషనులో మొదటి పెట్టె వెనుక తలుపు నుంచి ఎక్కాలి. ఎక్కగానే పక్కన ఉన్న చిన్న యంత్రం నుంచి ఒక చీటీ బయటికి పొడుచుకుని వస్తుంది, దాని మీద అంకె ఉంటుంది. దానిని తీసుకోండి. డ్రైవరు తల పైభాగాన ఉన్న తెరపై ప్రతి అంకె కింద ఛార్జీ కనిపిస్తుంది, స్టేషన్లు దాటే కొద్దీ అది పెరుగుతుంది. దిగవలసిన ఊరు రాగానే ముందుకు నడిచి, మీ అంకె కింద చూపిన మొత్తాన్ని చీటీతో పాటు డ్రైవరు పక్కనున్న పెట్టెలో వేసి, ముందు తలుపు గుండా దిగాలి. వెయ్యి యెన్ల నోటుకు, నాణేలకు ఆ పెట్టెలోనే చిల్లర మార్చుకోవచ్చు. పెద్ద నోట్లకు మాత్రం చిల్లర దొరుకుతుందని అనుకోవద్దు. కాబట్టి చిల్లర ముందుగానే సిద్ధం చేసుకుని, బండి ఆగక ముందే ముందు తలుపు దగ్గరికి చేరండి. టికెట్టో పాసో ఉన్నవారు దానిని డ్రైవరుకు చూపిస్తే చాలు.

దారిలో ఏది ఎక్కడ చూడాలి

ఐజు వకమత్సు నుంచి ఐజు బంగే దాకా దారి సమతలంగా, వరిపొలాల మధ్య సాగుతుంది. ఇదంతా ఐజు లోయ. కొండ చూడాలని వచ్చినవారికి ఈ భాగం విసుగు పుట్టించవచ్చు గాని, మడి గట్ల నిండా నీళ్ళు నిలిచి ఉండే మే చివరి ఉదయాలలో పొలాలలో కొండల నీడలు కనిపిస్తాయి, చూడదగినవి. బంగే దాటగానే బండి వంపులు తిరుగుతూ కొండెక్కుతుంది, ఇంజను మోత మారుతుంది. సింగిల్ లైను కావడంతో ఎదురుబండి కోసం ఐజు బంగే, ఐజు మియషిత వంటి స్టేషన్లలో ఆగవలసి వస్తుంది.

ఐజు యనాయిజులో దిగేవారు పది నిమిషాలు నడిస్తే ఎన్జోజి ఆలయం చేరుతారు. నది పక్కన నిట్టనిలువు బండ మీద కట్టిన ఈ ఆలయాన్ని తొకుయిత్సు అనే భిక్షువు 807లో స్థాపించారని స్థలపురాణం. ఆలయం కట్టేటప్పుడు కలప మోయడానికి ఎక్కడి నుంచో ఎర్రని ఆవులు వచ్చి సాయపడ్డాయన్న కథ నుంచే, ఐజు ప్రాంతమంతటా కనిపించే అకబెకో అనే తల ఊపే ఎర్ర ఆవు బొమ్మ పుట్టిందంటారు. ఆలయ వీధిలో ఆవిరి మీద ఉడికించి అమ్మే అవా మంజు కొని తినండి; అవా అంటే మన కొర్రలే. పైన పసుపు పచ్చని కొర్రల పొర, లోపల అజుకి గింజలు రుబ్బిన తీపి ముద్ద ఉంటాయి. వేడిగా ఉండగా తింటేనే దాని రుచి.

ఐజు హినోహర స్టేషను దాటాక వచ్చే మొదటి వంతెన ఈ లైనుకు ముఖచిత్రం. నిషికత, మియషిత మధ్య రెండవది, మియషిత దాటాక మూడవది. కవగుచి స్టేషనులో ప్లాట్‌ఫారాన్ని ఆనుకునే నది ఉంటుంది. బండి అక్కడ ఆగినంతసేపు ఆ పక్కకు వెళ్ళి నిలబడండి. కవగుచి నుంచి తదమి దాకా ఉన్నదే పదకొండేళ్ళు మూతపడ్డ ముక్క. కొత్తగా కట్టిన వంతెనల ఉక్కు పాతవాటి కన్నా మెరుగ్గా ఉంటుంది కాబట్టి ఏది వరదకు పోయిందో పోల్చుకోవచ్చు. ఇక్కడ పొలాల్లో, ఇళ్ళ ముందు నిలబడి చేతులు ఊపేవారు కనిపిస్తారు. తదమి పట్టణం ఈ లైనుకు అందరూ చెయ్యి ఊపాలంటూ ఒక స్థానిక చట్టమే చేసుకుంది. మీరూ తిరిగి చెయ్యి ఊపండి.

తదమి తరువాత రొకుజూరిగోయె సొరంగం. దానికి కొంచెం ముందు, తగోకురా జలాశయం కొద్ది క్షణాలపాటు కనిపించి మాయమవుతుంది. ఫోను సిద్ధం చేసుకునే లోపే దాటిపోతుంది కాబట్టి ఇది కంటితో చూడవలసినదే. అక్కడ ఒకప్పుడు తగోకురా అనే స్టేషను ఉండేది, 2013లో మూసివేశారు. సొరంగం దాటితే నీగాతా.

మియషితలో దిగి మొదటి వంతెనను చూడడం

మొదటి వంతెనను చూసే చోటు మిషిమా జుకు అనే రహదారి విశ్రాంతి కేంద్రం పక్కన, 252వ నంబరు రహదారి మీద ఉంది. అక్కడి నుంచి కొండ మీదికి మెట్లదారి పోతుంది; ఎత్తు పెరిగే కొద్దీ బి, సి, డి అని అక్షరాలు పెట్టిన చూపుచోట్లు వస్తాయి. పైకెక్కే కొద్దీ కమాను మొత్తం, దాని నీడ నీటిలో పూర్తి వలయంగా కనిపిస్తాయి. గాలి వీస్తే ఆ నీడ చెదిరిపోతుంది కాబట్టి ఉదయం వేళ మంచిది. స్టేషను నుంచి అక్కడికి వెళ్ళడానికి ముందు రోజే టాక్సీ మాట్లాడుకోండి. చిన్న ఊరు, టాక్సీలు తక్కువ, అప్పటికప్పుడు దొరకవు. ఉదయం బండి దిగాక, కవగుచి వైపు నుంచి ఐజు వకమత్సుకు పోయే తరువాతి బండి వంతెన దాటే సమయానికి మీరు పైన ఉండేలా లెక్కవేయండి. స్టేషను టైముల్లో వంతెన ఉండదు. హినోహర, నిషికత స్టేషన్ల సమయాలు చూసి, వాటి మధ్యన ఉంటుందని లెక్కించాలి. పది నిమిషాలు ముందే కెమెరా సరిచేసుకోండి. బండి వంతెన మీద ఉండేది కొన్ని క్షణాలే.

ఎలుగుబంట్ల హెచ్చరిక బోర్డులను తేలికగా తీసుకోవద్దు. ఈ కొండల్లో అవి నిజంగా తిరుగుతాయి. గంట కట్టుకుని నడవండి, దారి మూసి ఉంచిన రోజున తాడు దాటి వెళ్ళవద్దు. ఫొటో కోసం పట్టాల మీదికి, పొలాల్లోకి దిగడం ఎంతమాత్రం తగదు.

మియషిత స్టేషను దగ్గరలోనే మూడు కమాను వంతెనలు ఒకదాని వెనుక ఒకటి కనిపించే చోటు ఉంది. రెండు రహదారి వంతెనలు, నడుమ రైలు వంతెన. స్థానికులు వాటిని అన్నదమ్ములని పిలుస్తారు. నడిచి వెళ్ళవచ్చు. మిగిలిన సమయంలో, మియషిత ఉన్న మిషిమా పట్టణపు అల్లికపనిని చూడండి. అడవి ద్రాక్ష తీగ బెరడుతో, హిరొరొ అనే గడ్డితో మంచుకాలంలో ఇళ్ళలో కూర్చుని అల్లే బుట్టలు ఇవి. 2003లో జపాన్ ప్రభుత్వం సంప్రదాయ హస్తకళగా గుర్తించింది. పెద్ద బుట్ట ఖరీదు ఎక్కువే, కాని దాని వెనుక ఉన్న వారాల పని చూస్తే ఆ ధర న్యాయమైనదే అనిపిస్తుంది.

వీలైతే కనెయామా పరిధిలోని ముగెన్‌క్యో పడవ ప్రయాణాన్ని వేరే రోజుకు పెట్టుకోండి. 1964లో కొండచరియ విరిగిపడడంతో ఖాళీ అయిన మిఫుకె అనే పల్లెకు ఒకప్పుడు నడిచిన తెడ్డు పడవ అది. ఇప్పుడు చూడవచ్చినవారి కోసం మళ్ళీ నడుపుతున్నారు. ముందుగా బుక్ చేసుకోవాలి, మంచుకాలంలో నడవదు.

మంచు, వాన, రద్దయిన బండ్లు

ఇది భారీగా మంచు కురిసే నేల. బాగా కురిసినప్పుడు తదమి, ఒషిరకవ మధ్య రైళ్ళను రోజుల తరబడి ఆపివేస్తారు. పక్కనున్న రహదారి కూడా మూసే ఉంటుంది కనుక బదులు బస్సు వస్తుందని, టాక్సీలో దాటవచ్చని అనుకోవద్దు. వెనక్కి ఐజు వకమత్సు చేరి, కోరియామా మీదుగా తిరిగి వెళ్ళడమే దారి. అందువల్ల డిసెంబరు నుంచి మార్చి దాకా వెళ్ళేవారు మూడు జాగ్రత్తలు తీసుకోవాలి: ముందు రాత్రి, బయలుదేరే ఉదయం జేఆర్ ఈస్ట్ వారి రాకపోకల సమాచారం చూడాలి, కొయిదే తరువాతి షింకన్సెన్ సీటును మార్చుకునే వీలున్న విధంగా కొనాలి, ఆ రాత్రికో మరునాటి ఉదయానికో విమానం పెట్టుకోకూడదు. మంచు దృశ్యమే ముఖ్యమైతే కవగుచి దాకా వెళ్ళి తిరిగి రావడం తెలివైన పని. ప్రసిద్ధమైన వంతెనలు ఎక్కువగా ఆ లోపలే ఉన్నాయి.

వేసవి చివర, సెప్టెంబరులో తుపానుల వానలకు కూడా బండ్లు ఆగుతాయి. అలా ఆగినప్పుడు స్టేషను సిబ్బందితో వాదించి లాభం లేదు. వారిని అడగవలసిన ప్రశ్న ఒక్కటే, తిరిగి వెళ్ళే చివరి బండి ఎప్పుడు అన్నది.

కొయిదేలో దిగాక

మధ్యాహ్నం బండి సాయంత్రం ఆరు లోపు కొయిదే చేరుస్తుంది. అక్కడ జోఎత్సు లైనులోకి మారి, పది నిమిషాల లోపు ప్రయాణంలో ఉరసా చేరితే షింకన్సెన్ దొరుకుతుంది; టోక్యోకు సుమారు గంటన్నర. జోఎత్సు లైను బండ్లు కూడా గంటకొకటి చొప్పున ఉండవు కాబట్టి, కొయిదేలో మారే బండి నంబరు, ప్లాట్‌ఫారం ముందే రాసి పెట్టుకోండి. దిగగానే వంతెనమెట్లు ఎక్కి నేరుగా ఆ ప్లాట్‌ఫారానికి వెళ్ళండి. అది తప్పిపోతే స్టేషను బయటి టాక్సీలో కూడా ఉరసాకు వెళ్ళవచ్చు.